చేతులు వెనక్కి కట్టుకుని

పోయిన నెల లీడ్స్ దగ్గర ఉండే ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పదకొండేళ్ళుగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేస్తున్నారట, బ్యాండ్ 6లో ఉన్నారట. వాళ్ళ టీమ్ లీడ్ రిటైర్ అవుతుంటే అందరూ ఈవిణ్ణి అప్లై చేయమంటున్నారట. "నాకు పేషెంట్లంటే ప్రాణం. వాళ్ళని వదిలేసి రోటాలు, మీటింగులు అంటూ కూర్చోవాలంటే దిగులుగా ఉంది. మీరు ఆ దారిలో వెళ్ళినవారే కదా, వెళ్ళమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉంటే పెరిగిపోయింది. ఆవిడని అడిగితే, కాలమ్‌లోనే రాయండి అన్నారు. నర్సింగులో, ఫార్మసీలో, ఐటీలో, టీచింగులో ఉన్నవాళ్ళకి కూడా ఇందులో కొంత తెలిసిన సంగతే కనిపిస్తుంది అనుకుంటున్నాను.

ముందు ఈ ఉద్యోగం ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. మాకు పొట్టిపేరు "ఓటీ". దాంతో మా అత్తగారు హైదరాబాద్‌లో బంధువులందరికీ "మా కోడలు ఆపరేషన్ థియేటర్‌లో పని చేస్తుంది" అని చెప్పుకున్నారు. రెండు మూడేళ్ళు సరిదిద్ది చూశాను, తర్వాత వదిలేశాను, పెళ్ళిళ్ళలో ఆ గౌరవం కూడా బాగానే ఉండేది. అసలు సంగతేమిటంటే, పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, మతిమరుపు ముదిరినవాళ్ళు మళ్ళీ తమ పనులు తాము చేసుకునేలా చూడటం మా పని. స్నానం, బట్టలు, వంట, రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్ళిరావడం. ఫిజియో వాళ్ళు కాలుని నడిపిస్తే, ఆ కాలు ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళి ఏం చెయ్యాలో మేం చూస్తాం. ఇంగ్లాండులో దీనికి మొదటి స్కూలు 1930లో బ్రిస్టల్‌లో పెట్టింది ఎలిజబెత్ కాసన్ అనే డాక్టరు. మన దేశంలో 1950లో బొంబాయిలో మొదలుపెట్టింది కమలా నింబ్కర్. ఆవిడ అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయినావిడ. రెండు దేశాల్లోనూ ఆడవాళ్ళు మొదలుపెట్టిన వృత్తి, ఇప్పటికీ ఎక్కువమంది ఆడవాళ్ళే ఉన్న వృత్తి. అయినా పైకి వెళ్ళే మెట్టు దగ్గరకి వచ్చేసరికి మనం ఆగి, "నాకు పేషెంట్లు చాలు" అంటాం. నేనూ అన్నాను.

ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2004 నుంచి ఉద్యోగాలు చాలావరకు బ్యాండ్ల లెక్కలో ఉన్నాయి. చదువు అయి వచ్చినవాళ్ళు బ్యాండ్ 5, అనుభవం వచ్చాక 6. టీమ్ లీడ్ అంటే సాధారణంగా 7. ఐదు నుంచి ఆరుకి వెళ్ళినప్పుడు పని పెరుగుతుందే గానీ రకం మారదు. ఆరు నుంచి ఏడుకి వెళ్తే పనే వేరు. పే స్లిప్‌లో తేడా కనిపిస్తుంది గానీ ఈ సంగతి కనిపించదు.

నేను పద్నాలుగేళ్ళు పేషెంట్లతో పని చేశాక, మిడ్‌లాండ్స్‌లో ఒక హాస్పిటల్ స్ట్రోక్ వార్డులో ఉండగా, మొదటిసారి బ్యాండ్ 7కి ఇంటర్వ్యూకి వెళ్ళాను. రాలేదు. తర్వాత ఫోన్ చేసి ఎందుకు రాలేదో చెప్పండి అని అడిగాను (ఇది మీరందరూ తప్పకుండా అడగండి, ఇక్కడ అడిగితే తప్పుపట్టరు, పైగా మెచ్చుకుంటారు). ప్యానెల్‌లో ఒకావిడ చెప్పింది: "మీరు నలభై నిమిషాలూ 'మేం చేశాం, మేం మార్చాం' అన్నారు. మీరేం చేశారో మాకు తెలియలేదు." నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నేను చేశాను" అంటే గొప్పలు చెప్పుకోవడం అని చిన్నప్పటి నుంచి విన్నాం. వాషింగ్ అండ్ డ్రెస్సింగ్ అసెస్‌మెంట్ ఫారం మొత్తం మార్చి రాసింది నేను ఒక్కదాన్నే, రెండు వారాంతాలు కూర్చుని. ఇంటర్వ్యూలో మాత్రం అది "మా టీమ్ చేసిన మార్పు" అయిపోయింది.

రెండోసారి, 2022లో, అద్దం ముందు నిలబడి "నేను, నేను" అని ప్రాక్టీసు చేసి వెళ్ళాను. మా చిన్నది విని "మమ్మీ, ఆర్ యూ ఓకే?" అంది. వచ్చింది. అమ్మకి ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న: "నీ కింద ఎంతమంది?" పదకొండు మంది అన్నాను. "మరి నీ గదికి తలుపు ఉందా?" అంది. లేదు.

శుక్రవారం దాకా వాళ్ళతో కూర్చుని మేనేజ్‌మెంట్‌ని తిట్టుకున్నదాన్ని, సోమవారం పొద్దున మేనేజ్‌మెంట్ అయిపోయాను. అదే వార్డు, అదే స్టాఫ్ రూమ్, అదే డబ్బాలో నా పులిహోర. నేను లోపలికి వెళ్ళగానే మాటలు ఆగాయి. టీమ్ వాట్సాప్ గ్రూపులో జోకులు తగ్గిపోయాయి. నేను లేని ఇంకో గ్రూపు మొదలైందని రెండు వారాలకి అర్థమైంది. చాలా బాధపడ్డాను. కొన్నాళ్ళు పోయాక గుర్తొచ్చింది, మునుపటి లీడ్ ఉన్నప్పుడు ఆవిడ లేని గ్రూపులో నేనూ ఉన్నానని.

ఆ ఉద్యోగానికి మా టీమ్‌లోనే ఇంకొకావిడ కూడా అప్లై చేశారు. నాకన్నా పదేళ్ళు పెద్ద, ఆ వార్డులో ఇరవై ఏళ్ళ అనుభవం. నాకు చేతి స్ప్లింట్లు వెయ్యడం నేర్పింది ఆవిడే. మూడు వారాలు ఆవిడ మొహం చూడకుండా తిరిగాను. పలకరిస్తే ఏమనుకుంటారో, పలకరించకపోతే ఏమనుకుంటారో అని. చివరికి ఒక సాయంత్రం కారు పార్కింగ్‌లో ఎదురుపడితే, తప్పదు కాబట్టి మాట్లాడాను. "నువ్వు తప్పించుకు తిరగడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఉద్యోగం రాకపోవడం కూడా కష్టంగానే ఉందిలే" అన్నారు. ఆ రెండో మాట అన్నందుకే ఆవిడని నమ్మాను. ఆ తర్వాత విద్యార్థుల ప్లేస్‌మెంట్ల బాధ్యత మొత్తం ఆవిడ చేతికి ఇచ్చాను. నాకన్నా బాగా చేస్తారు, చేస్తున్నారు.

ఇక రోటాలు, సెలవులు. దీని గురించి ఎక్కువ చెప్పను, ఒక్క డిసెంబరు గడిస్తే మీకే తెలుస్తుంది. క్రిస్మస్‌కి వాళ్ళు సెలవడుగుతారు, సంక్రాంతికి నేను వెళ్ళాలి, రెండూ కలిపి నాలుగు వారాల్లో వస్తాయి. లీడ్ అయిన మొదటి ఏడాది ఊరికి వెళ్ళలేదు. అది త్యాగం కాదు, ప్లాన్ చేసుకోవడం చేతకాకపోవడం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే అందరి సెలవులూ రాయించాను, నాదీ రాసుకున్నాను.

సిక్ లీవుల సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ దేశంలో చాలా ఆఫీసుల్లో బ్రాడ్‌ఫర్డ్ లెక్క అని ఒకటి వాడతారు. ఎన్నిసార్లు సెలవు పెట్టారో ఆ అంకెని దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని మొత్తం రోజులతో హెచ్చవెయ్యాలి. మా దగ్గర ఒకాయన మోకాలి ఆపరేషన్‌కి ఒకేసారి 42 రోజులు సెలవు పెట్టాడు. ఆయన స్కోరు 42. ఒక థెరపీ అసిస్టెంట్ ఏడాదిలో ఏడుసార్లు ఒక్కొక్క రోజు పెట్టింది. ఏడేళ్ళు నలభై తొమ్మిది, మళ్ళీ ఏడుతో 343. కంప్యూటర్ ఆవిడ పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టింది, మీటింగు పెట్టమని నాకు మెయిల్ వచ్చింది.

తేదీలు ముందు వేసుకుని చూశాను. పేషెంటు చార్టు చూసినట్టే. వాటి మధ్య ఎడం దాదాపు నెలలు నెలలుగా ఉంది. మీటింగులో స్కోరు గురించి కాకుండా, "ఆ రోజు పొద్దున లేవగానే ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఎండోమెట్రియోసిస్. నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మునుపటి లీడ్‌కి కూడా, సాటి ఆడవాళ్ళే అయినా. ఆక్యుపేషనల్ హెల్త్‌కి పంపాను (అది వేరు, మేం వేరు, దీనితో ఇక్కడివాళ్ళు కూడా తికమకపడతారు). ఇలాంటి దీర్ఘకాలపు జబ్బు రోజువారీ జీవితాన్ని బాగా దెబ్బతీస్తుంటే 2010 ఈక్వాలిటీ చట్టం కిందికి రావచ్చు, అప్పుడు పనిలో సర్దుబాట్లు చెయ్యడం యజమాని బాధ్యత. ఆ రోజుల్లో ఆవిడకి వార్డు పని బదులు పరికరాల ఆర్డర్లు, ఫోన్ల పని ఇచ్చాం. సెలవులు తగ్గాయి. ఆ రోజు ఇంటికి వస్తూ అనుకున్నాను, నేను పేషెంట్లని వదిలేశాననుకున్నాను గానీ పద్నాలుగేళ్ళు నేర్చుకున్నది ఇక్కడ కూడా పనికొస్తోందని.

అంతలోనే బోల్తా పడ్డాను. అసలు మీకు చెప్పాలనుకున్నది ఇదే.

2023 మొదట్లో మా టీమ్‌కి ఒక తెలుగమ్మాయి వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి. ఇండియాలో చదివి, రెండేళ్ళు చేసి, హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, హెల్త్ అండ్ కేర్ వీసా మీద బ్యాండ్ 5లో చేరింది. మొదటి రోజే కారిడార్‌లో "అక్కా, మీరు తెలుగా!" అంది. అంతే, కరిగిపోయాను. చలికోటు ఎక్కడ చవకో చెప్పాను, మా ఇంట్లో ఉగాదికి పిలిచాను, మా పాత రైస్ కుక్కర్ ఇచ్చాను.

పనిలో నెమ్మది. రిపోర్టులు ఆలస్యం. హోమ్ విజిట్‌కి వెళ్ళి వస్తే రాయాల్సినవి సగం ఉండేవి కావు. కొత్త కదా, చెల్లెల్లాంటిది కదా అని సాయంత్రం అందరూ వెళ్ళాక కూర్చుని ఆమె రిపోర్టులు నేనే పూర్తి చేసేదాన్ని. నిజం చెప్పాలంటే అందులో నాకు సుఖం కూడా ఉంది. రోజంతా మీటింగులతో, మెయిళ్ళతో విసిగి ఉన్నదానికి ఒక పేషెంటు గురించి ఆలోచించి రాయడం సొంతింటికి వెళ్ళినట్టు ఉండేది. నాకు చేతనైన పని అదొక్కటే అనిపించేది. ఆమెకి సాయం చేస్తున్నాననుకున్నాను. నా బెంగ తీర్చుకుంటున్నాను.

నెలనెలా సూపర్‌విజన్ ఫారంలో "పురోగతి బాగుంది" అని రాశాను. మూడుసార్లు.

నాలుగో నెలలో ఒక పెద్దాయన డిశ్చార్జ్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, స్ట్రోక్ వల్ల ఎడమ పక్క బలహీనం. పైగా ఎడమవైపు ఉన్నవి కంటికి కనిపించినా మనసుకి ఎక్కని స్థితి, దీన్ని నెగ్లెక్ట్ అంటాం. పళ్ళెంలో కుడి సగం తిని, ఎడమ సగం అలాగే వదిలేసి, ఇంకా పెట్టమంటారు. అలాంటి మనిషికి "మెట్లు ఎక్కగలరు, వేడి పానీయం సొంతంగా చేసుకోగలరు" అని మా అమ్మాయి రాసింది. ఇంటికి పంపే రోజు పొద్దున ఫిజియో ఆయన్ని మెట్ల దగ్గరకి తీసుకెళ్తే ఎడమ కాలు మెట్టు మీద పడనే లేదు. పట్టుకోవడానికి మనిషి ఉన్నారు కాబట్టి సరిపోయింది. డిశ్చార్జ్ ఆగింది. ఆయన కూతురు సెలవు పెట్టి రెండు వందల మైళ్ళు డ్రైవ్ చేసి వచ్చింది. నా ముందు నిలబడి, "నేను నాన్నని ఇంటికి తీసుకెళ్ళి ఉంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అసెస్‌మెంట్ ఎలా చేశావని అడిగితే, చెయ్యలేదు అంది. కూతురు ఫోన్‌లో "నాన్న టీ పెట్టుకోగలరు, మెట్లు బాగానే ఎక్కేవారు" అని చెప్పిందట. అది స్ట్రోక్‌కి ముందు సంగతి.

ఇన్సిడెంట్ రిపోర్టు నేనే పెట్టాను. మా మేనేజర్ ఫైల్ తెరిచారు. "మూడు నెలలూ బాగుందని రాశావు. రిపోర్టులన్నీ చక్కగా ఉన్నాయి. ఇప్పుడు ఈ అమ్మాయికి ఈ పని రాదంటున్నావు. ఏది నమ్మాలి?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. అడకత్తెరలో పోకచెక్క అంటామే, అలా అయింది నా పని. రిపోర్టులు నేను రాశానని చెప్పాను. ఆ గదిలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మా దగ్గర ప్రొబేషన్ ఆరు నెలలు. ఉద్యోగం పోతే ఈ వీసా మీద ఉన్నవాళ్ళకి సాధారణంగా 60 రోజుల గడువు ఇస్తారు, ఆలోగా ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదంటే వెనక్కి. ఆమె అన్న చేసిన అప్పుతో వచ్చింది, నాకు తెలుసు. ఉగాది రోజు మా వంటింట్లో కూర్చుని చెప్పింది. ఇంకోవైపు ఆ మెట్లు. ఇంకో సంగతి కూడా నన్ను కోస్తూ ఉండేది. ఎన్‌హెచ్‌ఎస్‌లో 2015 నుంచి వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ అని ఒక కొలత ఉంది. తెల్లవారు కాని ఉద్యోగులు ఎంతమంది షార్ట్‌లిస్ట్ దాటి ఉద్యోగం దాకా వెళ్తున్నారు, ఎంతమంది క్రమశిక్షణ చర్యల్లోకి వెళ్తున్నారు అని ప్రతి ట్రస్టూ లెక్క చూపించాలి. బ్యాండ్ 7 మీటింగుల్లో మన రంగు మొహం నాదొక్కటే. ఆ నేను మొదట వేలెత్తి చూపించేది మన పిల్లనా?

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా ఆయన ఒకే మాట అన్నారు: "వేరే అమ్మాయి అయితే ఏం చేసేదానివి?" వేరే అమ్మాయి అయితే మొదటి నెలలోనే చెప్పేదాన్ని. రిపోర్టు తిప్పి పంపేదాన్ని. అంటే మన పిల్ల అని నేను చేసిన మేలు ఏమిటంటే, మిగతావాళ్ళకి దొరికిన మూడు నెలలు ఈమెకి దొరక్కుండా చెయ్యడం.

ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించాలని నిర్ణయించాం. ఆమెతో మీటింగు ఇంగ్లీషులో పెట్టాను, హెచ్‌ఆర్ మనిషి ఉన్నారు, రికార్డు ఉండాలి. యూనియన్ ప్రతినిధిని తెచ్చుకోవచ్చని ముందే చెప్పాను. ముందుగా నా తప్పు చెప్పాను: నీ రిపోర్టులు నేను సరిదిద్ది, నీకు చెప్పకుండా దాచాను, అది నీకు అన్యాయం. తర్వాత ఆ పెద్దాయన సంగతి, తర్వాత పొడిగింపు. ఆమె బల్ల వైపే చూస్తూ విన్నది. హెచ్‌ఆర్ ఆవిడ వెళ్ళాక తెలుగులో అంది: "మీరు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఎవరో మాట్లాడుతున్నట్టుంది అక్కా." ఏడ్చింది. నేను ఏడవలేదు, అక్కడ ఏడవకూడదు. కారులో ఏడ్చాను.

తర్వాతి సోమవారం ఆమెతో పాటు థెరపీ కిచెన్‌లోకి వెళ్ళాను. మా వార్డులో చిన్న వంటిల్లు ఉంటుంది, కెటిల్, టోస్టర్, సింకు, ముందుకి వాలుగా ఉండే ఎత్తు స్టూలు. పేషెంటుని టీ, టోస్టు చేసుకోమంటాం. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది గానీ అందులో అంతా ఉంది: వరస గుర్తుందా, నీళ్ళు ఎన్ని పోశారు, బరువున్న కెటిల్ ఏ చేత్తో ఎత్తారు, ఎడమవైపు పెట్టిన చక్కెర డబ్బా కనిపించిందా, అలిసిపోతే కూర్చోవాలని తట్టిందా. థెరపిస్టు చెయ్యాల్సింది ఒకటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. ప్రమాదం అయితే తప్ప చెయ్యి చాచకూడదు. చాచామంటే ఆ మనిషికి ఏం వచ్చో, ఏం రాదో ఎప్పటికీ తెలియదు.

ఎనభై ఏళ్ళ ఒకాయన లేచి కెటిల్ దగ్గరకి నడవబోతుంటే మా అమ్మాయి చటుక్కున ముందుకెళ్ళి నీళ్ళు పట్టి, స్విచ్ నొక్కి, కప్పు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన థాంక్యూ డియర్ అని కూర్చున్నారు. అసెస్‌మెంట్ అయిపోయింది!

బయటికి వచ్చాక అడిగాను. "పెద్దాయనని టీ పెట్టమని నిలబడి చూడటం ఏంటక్కా, మా తాతయ్య వయసు. నాకు చెయ్యి ఆగలేదు" అంది. అప్పుడు అర్థమైంది. బద్ధకం కాదు, చదువు తక్కువా కాదు. పెద్దవాళ్ళని పని చెయ్యమని అడగడం నోట రాదు. అందుకే ఇంటివాళ్ళకి ఫోన్ చేసి అడిగి రాసుకునేది. నా మొదటి ఏడాది నేనూ అంతే, స్ప్లింట్లు నేర్పిన ఆవిడే ఒకరోజు నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. సాయంత్రాలు ఆమె రిపోర్టులు రాసినప్పుడు నేనూ చేసింది ఇదే, ఆమె చేతిలో కెటిల్ లాక్కోవడం.

ఆ మూడు నెలలు వారానికి ఒకసారి సూపర్‌విజన్ పెట్టాను. వారానికి రెండు అసెస్‌మెంట్లు పక్కన నిలబడి చూశాను. తప్పు రాస్తే ఎర్రగీత పెట్టి తిప్పి పంపాను, ఒక్క వాక్యం కూడా నేను రాయలేదు. నా మనసు ఎంత కొట్టుకునేదో చెప్పలేను. ఇరవై నిమిషాల్లో నేను రాసేది ఆమె రెండు గంటలు రాసేది. ఆమెకి అడిగే మాటలు కూడా కొత్తగా కావలసివచ్చాయి. "మీరు టీ చెయ్యండి" అనడానికి నోరు రాకపోతే, "మీకు టీ ఎలా ఇష్టమో నాకు చూపిస్తారా?" అనమన్నాను. ఆ మాట ఆమెకి నచ్చింది. పెద్దవాళ్ళు చూపిస్తుంటే చిన్నవాళ్ళు నేర్చుకుంటున్నట్టు ఉంటుంది కదా, మర్యాదా ఉంటుంది. ఇప్పుడు మా విద్యార్థులకి కూడా అదే చెప్తున్నాం.

ఇంకొక లాభం కూడా జరిగింది. లెస్టర్ వైపు నుంచి ఒక గుజరాతీ బామ్మ వస్తే, టీ-టోస్టు పరీక్షలో ఏమీ చెయ్యకుండా కూర్చుంది. మతిమరుపు అని రాయబోయారు ఇంకొకరు. మా అమ్మాయి ఒక చపాతీ పీట, పిండి తెచ్చి పెట్టింది. బామ్మ కుడిచేత్తో పిండి కలిపి, వరస తప్పకుండా ఆరు చపాతీలు చేసింది. స్నానం అసెస్‌మెంట్‌కి షవర్ బదులు బకెట్టు, మగ్గు పెట్టాలని కూడా ఆమే చెప్పింది. వార్డు మీటింగులో అది చెప్పేటప్పుడు "నేను చేశాను" అంది. నేను గమనించాను.

ప్రొబేషన్ దాటింది. ఏడాదిన్నర తర్వాత ఇంకో ఊళ్ళో బ్యాండ్ 6 వచ్చి వెళ్ళింది. అన్న అప్పు తీరిందని విన్నాను, నాకు చెప్పింది ఆమె కాదు, మా తెలుగు సంఘంలో ఇంకొకరు. ఆ మీటింగు రోజు తర్వాత ఆమె మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ మూడు నెలల్లో ఎప్పుడో "అక్కా" అనడం మానేసి, ఇక్కడ అందరూ పిలిచినట్టే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. మొదటిసారి విన్నప్పుడు చెంప మీద కొట్టినట్టు అనిపించింది. రిఫరెన్సు కోసం రాసిన మెయిల్‌లో కూడా పేరే. చాలా మంచి రిఫరెన్సు ఇచ్చాను, ప్రతి మాటా నిజం.

లీడ్స్ నుంచి రాసిన చెల్లెమ్మా (మీరు నన్ను తిరిగి పేరుతో పిలిచినా సరే), మీ ప్రశ్నకి వస్తాను. వెళ్ళండి. కానీ ఇంటర్వ్యూకి ముందే ఆ ఉద్యోగ వివరణ తీసి, వారంలో ఎంత భాగం పేషెంట్లతో, ఎంత భాగం టీమ్‌తో అని రాసి ఉందో చూడండి. రాసి లేకపోతే అడగండి. రాసి లేని చోట అది నెలలో ఒక పూటకి కుంచించుకుపోతుంది. నాకు గురువారం ఉంది, ఆ రోజు మీటింగులు పెట్టవద్దని అందరికీ చెప్పేశాను, మూడు కేసులు నావి. మీ పాత కేసుల జాబితా ఫలానా తేదీకి అప్పగిస్తానని రాతపూర్వకంగా పెట్టుకోండి, నాలాగా అయిదు నెలలు రెండు ఉద్యోగాలూ చెయ్యకండి. ఎన్‌హెచ్‌ఎస్ లీడర్‌షిప్ అకాడమీ వాళ్ళ ఎడ్వర్డ్ జెన్నర్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం, పిల్లలు పడుకున్నాక చేసుకోవచ్చు. తర్వాత మేరీ సీకోల్ ప్రోగ్రామ్ ఉంది. ఆవిడ జమైకాలో పుట్టిన మనిషి, క్రిమియా యుద్ధానికి నర్సుగా పంపమంటే ఇక్కడివాళ్ళు కాదంటే సొంత ఖర్చుతో వెళ్ళింది. ఇప్పుడు లీడర్లు కాబోయేవాళ్ళకి ఆవిడ పేరు మీద పాఠాలు చెప్తున్నారు, చూశారా!

ఇంట్లో ఏమవుతుందని కూడా అడిగారు. మొదటి ఆరు నెలలు ఇంట్లో అందరికీ రోటా వేశాను, ఎవరూ పాటించలేదు. తర్వాత సర్దుకుంది.

అప్లికేషన్ గడువు వచ్చే నెల 9 అని రాశారు. మీ ఫారం మొదటి చిత్తు నాకు పంపండి, చదువుతాను. దిద్దను. ముందు మీరే ఒకసారి అందులో "మేం" ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి, ఆ అంకె కూడా మెయిల్‌లో రాయండి. నా మొదటి దానిలో 31 ఉన్నాయి.